చుట్టాలకు సంగటి పెట్టకూడదా?

విద్యార్థులారా! సెలవులకు సొంత ఊరు వెళితే మంచి అలవాట్లు సడలిపోతాయని పెద్దలు అంటూ ఉంటారు. ఆ నేరం ఊరిది కాదు, మన మర్యాదలదని నా అభిప్రాయం.

మొన్న ఒక శని, ఆదివారాలు నేను పూర్వం నివసించిన బైరెడ్డిపల్లె వెళ్ళాను. ఏ ఇంట చూసినా నాకు తెల్లన్నం, బజ్జీలు, మిఠాయిలే. "మీకు సంగటి పెడతామా సార్!" అన్నారు. ఎందుకు పెట్టకూడదు? నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో సుమారు 10 మాత్రమే. పీచు కూడా రాగుల్లోనే ఎక్కువ కనుక త్వరగా ఆకలి వేయదు. ఎముకలు గట్టిపడే మీ వయసుకు ఇది చిన్న విషయమా?

రాగుల్లోని ఫైటేట్లు కాల్షియాన్ని కొంతవరకు ఒంటికి పట్టనివ్వవు, నిజమే. గింజలను మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తే ఆ అడ్డు తగ్గుతుంది. పసిబిడ్డల జావ కోసం మన అవ్వలు చేసేది అదే.