విఱిగిన చేతికి దినభత్యము
పటాన్‌చెరు పారిశ్రామికవాడలో యంత్రముక్రింద చేయి నలిగిన కార్మికుఁడు, కార్మికబీమా పథకమైన ఈఎస్ఐ పరిధిలోనివాఁడైనచో, కోలుకొనునంతవఱకు వేతనములో 90 శాతము పొందఁగలఁడు. ఆ కర్మాగారపు గోడ వెలుపలనే వెల్డింగు దుకాణము పెట్టుకొని, అట్టి యినుమునే యతుకుచు చేయి విఱుగఁగొట్టుకొన్నవాఁడు మాత్రము, యజమానియుఁ గూలియుఁ దానే యగుటచేత, ఆ పథకము కంటికిఁ గానరాఁడు.

ఏటా 20 రూపాయలకే ప్రధానమంత్రి సురక్షా బీమా యున్నదికదా యందురు. ఉన్నది, కాని మరణమునకో శాశ్వతాంగవైకల్యమునకో లక్షలిచ్చు నా బీమా, మూఁడునెలలు కట్టుతో మంచమెక్కినవానికి దినభత్యముగా నొక్క రూపాయియు నీయదు. ఆరోగ్యశ్రీ 10 లక్షలవఱకు చికిత్స చేయించునే గాని, యింట పొయ్యిలోని పిల్లిని లేపదు; దుకాణపు అద్దెయు నాగదు.

స్వతంత్రవృత్తులవారు నెలనెలా కొంత చెల్లించి, ప్రభుత్వము కొంత కలిపి, రామచంద్రాపురము ఈఎస్ఐ ఆసుపత్రి వైద్యుని ధ్రువపత్రముతోనే భత్యము పొందు మార్గ మేల యుండరాదు?