నొప్పి లేదంటే సంతోషించకండి

"పుండే గానీ నొప్పి లేదు సిస్టర్, అదే మానిపోతుంది." మస్కట్‌లో నర్సుగా పనిచేస్తున్న నాకు మనవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. రువీలో దుకాణం నడిపే ఆయనా అదే అంటారు, సొహార్‌లో వెల్డింగ్ చేసే తమ్ముడూ అదే అంటాడు. షుగర్ ఉన్న పాదానికి నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి. సేఫ్టీ షూలో రాయి దూరినా, ఎండకు కాలిన నేల మీద ఉత్తకాళ్లతో నడిచినా తెలియదు. బరువు పడే చోట ఆనెకాయ కడుతుంది, దాని కింద కండ చితికి పుండవుతుంది. రక్తనాళాలు కూడా సన్నబడితే మానడం మరీ కష్టం.

అందరూ ఆయింట్‌మెంట్ పేరు అడుగుతారు. అరికాలి పుండుకు పూతమందు కన్నా ముఖ్యం, దాని మీద బరువు పడకుండా చూడటం. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాలకు పిండికట్టు వేసి పుండ్లు మాన్పించారు. 1960లలో ఆయన అమెరికా వెళ్లాక ఆ పద్ధతి షుగర్ రోగులకూ అందింది. ఇప్పటికీ మోకాలి దాకా ఉండే, విప్పడానికి వీల్లేని కట్టు లేదా బూటుదే మొదటి స్థానం. చీము ఉన్నా, రక్తప్రసరణ తగ్గినా డాక్టరు వేరే దారి చూస్తారు. చచ్చిన కండ తీయడం, షుగర్ అదుపు ఎలాగూ తప్పవు. నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే వైద్యాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచూడాలి.

మరి పని మానేస్తే జీతం? గోదావరి జిల్లా మేస్త్రీ ఒకాయన ఇదే అడిగారు. "అమ్మాయి ఫీజు కట్టాలి సిస్టర్, కాలు చాపుకుని కూర్చుంటే ఎలా?" ఒమాన్‌లో 2023లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం కంపెనీ ఉద్యోగులకు ఏడాదికి 182 రోజుల దాకా అనారోగ్య సెలవు ఉంది. మొదటి 21 రోజులు పూర్తి జీతం, తర్వాత కొంత కొంత తగ్గుతుంది. డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాక ఆయన సెలవు పెట్టారు. పదకొండు వారాలకు పుండు మానింది, వేలు దక్కింది.

మానిందని వదిలేయకండి. మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాదిలోపే తిరగబెడతాయి. రోజూ అరికాలు అద్దంలో చూసుకోండి, వేళ్ల మధ్య తడి తుడవండి, షూ దులిపి వేసుకోండి. ఆనెకాయను బ్లేడుతో కోయకండి. ఎరుపు పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఊళ్లో ఉన్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. వీడియో కాల్‌లో "అన్నం తిన్నావా?" అని అడుగుతారు కదా, ఆ చేత్తోనే పాదాలు కూడా చూపించమనండి.