పాత మోటారు, ఉప్పు నీళ్ళు, కొంచెం ఓపిక

బోటు వెనక చెక్కకి మరలతో బిగించే అవుట్‌బోర్డు మోటారు ముప్ఫై నలభై ఏళ్ళ పాతదైతే దాన్ని పారెయ్యాలా, బాగుచేసుకుని వాడాలా? ఎమిరేట్స్‌లో నలుగురు కలిసి చిన్న ఫైబరు బోటు కొనుక్కుని శుక్రవారాలూ, 2022లో సెలవు మారాక శనాదివారాలూ చేపలకి వెళ్ళే మనవాళ్ళ మధ్య ఈ వాదన తరచు వస్తుంది. నాది మధ్యేమార్గం కాదని ముందే చెప్పేస్తాను. పాత మోటారు ఉంచుకోండి. ట్యూను చెయ్యకుండా మాత్రం దాన్ని నీళ్ళలో దించకండి. ట్యూను చేసే ఓపిక లేకపోతే కొత్త ఫోర్‌స్ట్రోకు కొనుక్కోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎందుకింత పట్టుదల అంటారా? పాత టూస్ట్రోకు ఇంజనులో కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారీ, కాలిన పొగ బయటికి పోయే దారీ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. పెట్రోలులో కొంత కాలకుండానే, దాంట్లో కలిపిన నూనెతో సహా పొగగొట్టంలోంచి నీళ్ళలోకి పోతుంది. కార్బొరేటరు ఉన్న పాత మోటార్లలో ఇది నాలుగో వంతు దాకా, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అమెరికా పర్యావరణ శాఖ 1996లో నిబంధనలు తెచ్చి, 1998 నించీ ఏటేటా బిగిస్తూ పోయింది అందుకే. మనం ఉన్న చోట ఇంకో మెలిక ఉంది. ఇక్కడ ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరు. జెబెల్ అలీలో తోడేదీ, మనం మోటారు తిప్పేదీ ఒకటే గల్ఫు. మన తెట్టు మన గ్లాసుకి మరీ దూరంలో ఏమీ లేదు.

"మరైతే ఉంచుకోమని ఎలా అంటున్నావు?" అనొచ్చు. నెలకి రెండు మూడు సార్లు, గంటో రెండు గంటలో తిరిగే మోటారు వేరు. రోజూ తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చే మోటారు వేరు. రోజూ తిప్పేవాడికి పెట్రోలు ఖర్చు చూసుకున్నా ఫోర్‌స్ట్రోకే లాభం. అప్పుడప్పుడూ తిప్పేవాడి లెక్కలో, పనిచేసే ఇంజనుని తుక్కులో వేసి మరోటి పోతపోయించడం కూడా కాలుష్యమే. అదీ కాక పాత మోటారు మనకి, అంటే రోజంతా తెర మీద అక్షరాలు చూసే జాతికి, ఒక మంచి చదువు. దాన్లో దాపరికం లేదు. గాలి, పెట్రోలు, నిప్పు, నీళ్ళు. ఏది తప్పిందో చేత్తో తాకి తెలుసుకోవచ్చు. ఎర్రర్ కోడు చదవడానికి కంపెనీ వాడి లాప్‌టాప్ అక్కర్లేదు.

కంపెనీల మాట వచ్చింది కాబట్టి చిన్న పిట్టకథ. ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే వలసదారు మిల్వాకీలో 1909లో అవుట్‌బోర్డు మోటార్లు అమ్మడం మొదలెట్టాడు. (ఎండలో తెడ్లేసుకుంటూ ఐస్‌క్రీం తేబోతే దార్లోనే కరిగిపోయిందనీ, అందుకే మోటారు చేశాడనీ కథ ఒకటి చెబుతారు. నిజమైతే ఇక్కడి ఆగస్టు ఎండకి ఎన్ని మోటార్లు పుట్టాలో!) ఆ పేరు మోసిన ఓ.ఎం.సి. కంపెనీ 2000 డిసెంబరులో దివాలా తీసింది, 2001లో బొంబార్డియర్ కొనుక్కుంది, 2020 మేలో ఎవిన్‌రూడ్ తయారీయే ఆపేశారు. తయారుచేసినవాడు చేతులెత్తేశాక కూడా ఆ మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. వాడు వదిలేసిన సాఫ్ట్‌వేరు అన్నేళ్ళు బతికితే మనం పండగ చేసుకుంటాం.

ఇంతకీ పని ఎక్కణ్ణించి మొదలెట్టాలి? ఉమ్ అల్ కువైన్ రేవులో ఉప్పాడ వైపునించి వచ్చిన మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. ఆయన పద్ధతి నాకు నచ్చింది. ఎవరు మోటారు తెచ్చినా మొదటి మాట ఒకటే: "బాబూ, ముందు నీళ్ళు చూద్దాం. నిప్పు సంగతి తరవాత." మనవాళ్ళు చాలామంది కార్బొరేటరు విప్పడంతో మొదలెడతారు. గల్ఫులో అది తలకిందులు. ఈ సముద్రం లోతు సగటున 35 మీటర్లే. వేసవిలో పైనీరు 33, 34 డిగ్రీలు దాటుతుంది. మామూలు సముద్రంలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 40 దాకా ఉంటుంది. ఇంజనుని చల్లబరచాల్సిన నీరే గోరువెచ్చగా, చిక్కటి ఉప్పుతో వస్తోందన్నమాట. ఇంజను వేడికి ఆ ఉప్పు సన్నటి దారుల్లో పెచ్చు కడుతుంది. ధర్మోస్టాటు బిగుసుకుపోతుంది. కింద పంపులో రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లరు, గట్టిపడి వంగిపోతుంది.

కాబట్టి ఇంపెల్లరు ఏడాదికోసారి, బాగున్నట్టు కనిపించినా సరే, మార్చెయ్యండి. తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళ డ్రమ్ములో పది పదిహేను నిమిషాలు నడపండి. నీళ్ళు లేకుండా "ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం" అనే సరదా వద్దు. రబ్బరు రెక్కలకి నీరే కందెన, కొద్ది సెకన్లలోనే అవి కాలిపోతాయి. వెనకనించి సన్నగా చిమ్మే నీటి ధార బలహీనపడిందంటే రేవుకి తిరగండి. పెచ్చుకట్టిన ఉప్పుకి తెల్ల వినిగరు బాగా పనిచేస్తుంది, తరవాత మంచినీళ్ళతో కడగాలి. జింకు ముక్క సగం తినేసి ఉంటే మార్చండి. కింద గేరు ఆయిలు పాలలా తెల్లగా వచ్చిందా, సీలు పోయి నీళ్ళు చేరినట్టే.

నీళ్ళయ్యాక గాలి. రెండు సిలిండర్ల కంప్రెషను కొలిచి చూడండి. అంకె ఎంతన్నదాని కన్నా రెండిటి మధ్య తేడా ముఖ్యం. పది శాతం మించితే ఇంక ట్యూనింగు మాట మర్చిపోయి రింగుల సంగతి చూడాలి. ఆ తరవాత నిప్పు. డెబ్భైల ముందు నాటి మోటార్లలో ఫ్లైవీలు కింద పాయింట్లుంటాయి. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్‌లలో వాటి ఎడం అంగుళంలో 20 వేల వంతులు, సుమారు అర మిల్లీమీటరు. ఫ్లైవీలుని పుల్లరుతోనే తియ్యండి, సుత్తితో కాదు. ప్లగ్గు రంగు చాలా చెబుతుంది. ఇటుక రంగైతే హాయి. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే తక్కువ, అది ప్రమాదం. ఒక ప్లగ్గు మాత్రమే ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండరులోకి నీళ్ళు కారుతున్నాయేమో చూడాలి.

కార్బొరేటరు చివర్న. చక్కెర పాకంలా ఎండిన పాత పెట్రోలుని కడిగాక సూది మరలు సర్దాలి. నెమ్మది వేగం మరని లోపలికి తిప్పుతూ పోతే ఇంజను ఒకచోట తుమ్ముతుంది. బయటికి తిప్పితే ఇంకోచోట నత్తినత్తిగా పలుకుతుంది. ఈ రెండిటి మధ్య దాని స్థానం. పెద్ద వేగం మర దగ్గర మాత్రం ఒక పిసరు పెట్రోలు ఎక్కువ వైపే ఉంచాలి. టూస్ట్రోకులో నూనె వచ్చేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గిస్తే నూనె కూడా తగ్గి పిస్టను పట్టేస్తుంది. ఈ ఆఖరి సర్దుబాటు డ్రమ్ములో కుదరదు, బోటుకి తగిలించి మనుషులు ఎక్కి నీళ్ళలో వెళ్తున్నప్పుడే చెయ్యాలి. లోడు లేకుండా ట్యూను చేసిన ఇంజనూ, ఒక్క యూజరుతో టెస్టు చేసిన సైటూ ఒకటే.

నూనె విషయంలో నాకు తగవు ఉంది. "ఎక్కువ పోస్తే ఇంజనుకి మంచిది" అని పోసేస్తారు. పొగ, ప్లగ్గు మీద మసి, నీళ్ళ మీద తెట్టు, వచ్చేవి ఇవే. పైన చెప్పిన కాలుష్యంలో మన చేతిలో ఉన్న వాటా ఇదే. మోటారు పుస్తకం 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 24కి 1 అంటే సుమారు 42. సుమారు 1964 ముందు నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్‌లు రెండో రకం. వాటికి 50 లెక్క పెడితే బేరింగులు పోతాయి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. మోటారుసైకిలు టూటీ నూనె వేరు. అందులోని బూడిద చల్లటి బోటు ఇంజనులో పేరుకుంటుంది.

సెలవుల్లో ఊరెళ్ళి తీరంలో పాత పెట్రోలు మోటార్లు చూసేవాళ్ళకి ఇంకో సంగతి. ఇండియాలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం వచ్చేసింది. ఇథనాలు పాత రబ్బరు గొట్టాలని మెత్తబరుస్తుంది, సముద్రపు గాలిలోంచి తేమ పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి టాంకు అడుక్కి దిగుతాయి. ఇంజను పీల్చుకునేది అడుగునించే. మనం కలిపిన నూనె మాత్రం పైనున్న పెట్రోలుతో ఉండిపోతుంది. అంటే ఇంజనుకి నూనె లేని నీళ్ళ ఇథనాలు అందుతుంది. అక్కడ టాంకులో నెలల తరబడి మిశ్రమం నిలవుంచకుండా, గొట్టాలు ఇథనాలు తట్టుకునేవి వేసి, మధ్యలో నీటిని వేరుచేసే ఫిల్టరు ఒకటి పెట్టించి, తిరిగొచ్చే ముందు కార్బొరేటరు గిన్నె ఖాళీ చేసి రండి.