సాంబారులో పొడి, సందు చివర వైన్‌షాపు

ప్రశ్న: డాక్టరుగారూ, మేము కొండాపూర్‌లో ఉంటున్నాం. మావారికి 36 ఏళ్ళు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. మొదట్లో శనివారాలు మాత్రమే స్నేహితులతో తాగేవారు. మా సందు చివర వైన్‌షాపు, దాన్నానుకుని పర్మిట్ రూమూ వచ్చినప్పటినుంచీ రోజూ అయింది. ఇప్పుడు రోజుకో క్వార్టరు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. పైగా ఫోనులో రమ్మీ ఆడి నాలుగు లక్షలు పోగొట్టారు. తెలిసినావిడ ఒకరు తాగుడు మాన్పించే పొడి ఇచ్చారు. సాంబారులో కలిపితే రంగూ రుచీ తెలియదట. పెట్టవచ్చునా? షాపు ఎత్తించమని మున్సిపాలిటీ ఆఫీసులో అడిగితే "అది మా చేతిలో లేదమ్మా" అన్నారు. నిజమేనా?
– ఒక సోదరి, కొండాపూర్

జవాబు: అమ్మా, ముందు పొడి సంగతి. పెట్టవద్దు. ఇవాళే పారెయ్యండి.

అందులో ఏముందో మీకూ తెలియదు, ఇచ్చినావిడకూ తెలియదు. ఒకవేళ అది డైసల్ఫిరామ్ అనే మందయితే, అది ఒంట్లో ఉండగా మీవారు మామూలుగా వెళ్ళి తాగారనుకోండి. ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. దాని ప్రభావం ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఉండవచ్చు. మందు మంచిదే, డాక్టర్లం వాడుతూనే ఉంటాం. కాని గుండె, కాలేయం పరీక్ష చేసి, రోగికి చెప్పి, ఒప్పించి ఇవ్వవలసిన మందు అది. చాటున ఇచ్చేది కాదు. పట్టుబడ్డ రోజున ఆయన మీ చేతి అన్నం కూడా తినరు. తర్వాత వైద్యానికి ఎవరి మాట వింటారు?

రెండోది, అంతకన్నా ముఖ్యం. పొద్దున్నే చెయ్యి వణుకుతోందని రాశారు. అది నరాల బలహీనత కాదు. రాత్రి తాగినది దిగిపోయి, ఒళ్ళు మళ్ళీ అడుగుతోందన్నమాట. ఇలాంటి మనిషిని గదిలో పెట్టి తాళం వేసో, ఒట్టు వేయించో ఒక్కసారిగా మాన్పిస్తే రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి చెదిరి, లేనివి ఉన్నట్టు కనబడి, జ్వరం, చెమటలు పట్టవచ్చు. దాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. ఆసుపత్రిలో నిద్రమందు వంటి మందులిచ్చి రోజురోజుకూ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇంజక్షన్లు ఇస్తారు. వారం పది రోజుల పని. తర్వాత మళ్ళీ తాగాలన్న కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ వంటి మందులున్నాయి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ప్రభుత్వానిదే. ఆయన రానంటే ముందు మీరే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు.

క్వార్టరేగదా అనుకోకండి. 180 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 60 గ్రాముల అసలు ఆల్కహాలు ఉంటుంది. (బీరే తాగుతున్నామనే వారికి కూడా చెబుతున్నాను: 8 శాతం స్ట్రాంగు బీరు పెద్ద సీసా ఒకటి, రెండు పెద్ద పెగ్గులతో సమానం.) ఈ వయసులో కాలేయానికి కొవ్వు మాత్రమే పట్టి ఉంటే, తాగడం పూర్తిగా ఆపితే అది మళ్ళీ బాగుపడుతుంది. గట్టిపడిన తర్వాత పూర్తిగా బాగుపడటం కష్టం. లివరు పరీక్ష ఈ నెలలోనే చేయించండి.

ఇక వైన్‌షాపు మాట. ఇది డాక్టరును అడగవలసిన ప్రశ్నేనా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మలేరియాకు మందు రాసేవాడు వీధిలో మురుగుగుంట గురించి కూడా అడగాలి కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మద్యం హాని తగ్గించడానికి ఐదు పనులు చెబితే, అందులో మొదటిది మద్యం సులువుగా దొరకకుండా కట్టుబాట్లు పెట్టడమే. శనివారం తాగే మనిషి రోజూ తాగేవాడయింది షాపు సందు చివరికి వచ్చాకనే అని మీరే రాశారు.

మున్సిపాలిటీ వారు మీతో అబద్ధం చెప్పలేదు. తెలంగాణలో వైన్‌షాపు లైసెన్సు ఇచ్చేది మద్యనిషేధ, ఎక్సైజు శాఖ. (పేరులో నిషేధం ఉంది, ఆదాయమూ ఉంది.) రాష్ట్రం మొత్తానికి 2,620 షాపులు. రెండేళ్ళకోసారి లాటరీ తీస్తారు. 2023లో దరఖాస్తు ఒక్కింటికి 2 లక్షలు, ఎన్నిక కాకపోతే తిరిగి ఇవ్వరు. అయినా 1.31 లక్షల దరఖాస్తులు వచ్చాయి. శంషాబాద్, సరూర్‌నగర్ ఎక్సైజు విభాగాలకు ఒక్కోదానికే 10 వేలు దాటాయి. 2025లో రుసుము 3 లక్షలు చేశారు. ఇప్పటి లైసెన్సులు 2025 డిసెంబరు 1న మొదలయ్యాయి, 2027 నవంబరు దాకా ఉంటాయి. ఈ మొత్తంలో మీ వార్డు అభిప్రాయం అడిగే మెట్టు ఒక్కటీ లేదు.

విచిత్రమేమిటంటే, ఉట్నూరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం మత్తుపదార్థాల అమ్మకాన్ని అదుపు చేసే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇచ్చింది. అద్దాల మేడల పక్కన ఉండే మీకు ఆ హక్కు లేదు. హైవేల పక్కన షాపులు ఉండరాదన్న సుప్రీంకోర్టు ఉత్తర్వు కూడా మున్సిపల్ హద్దుల్లోని షాపులకు అడ్డు కాదని 2017లో కోర్టే వివరణ ఇచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా పాటలను అడ్డుకున్నది చట్టంలో హక్కు ఉండి కాదు. ఆ ఉద్యమంతోనే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలించారు. ఆ మరుసటి ఏడాది నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు. మీ పేట పుట్టిందే వైన్‌షాపుల కాలంలో.

అయినా మీ చేతిలో ఒక ఆయుధముంది. గుడి, బడి, ఆసుపత్రులకు 100 మీటర్ల లోపు షాపు ఉండకూడదు. ఆ దూరం మ్యాపు మీద గీత గీసి కొలిచేది కాదు, మనిషి మామూలుగా నడిచే దారిన కొలవాలి. మీ పక్క సందులో గుర్తింపు ఉన్న బడి ఉంటే టేపు పట్టుకుని కొలవండి. లాటరీలో గెలిచినవారు తర్వాత స్థలం చూపిస్తే ఎక్సైజు అధికారి తనిఖీ చేస్తాడు. ఆ తనిఖీ నివేదిక కాపీని సమాచార హక్కు చట్టం కింద అడగండి. రెండు కొలతల్లో తేడా ఉంటే ఇరవై ఇళ్ళ సంతకాలతో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. ఫుట్‌పాత్ ఆక్రమణ, చెత్త, పార్కింగు మాత్రం మున్సిపాలిటీ పనే. ఆ అర్జీ వేరుగా పెట్టండి, ఒకే కాగితంలో కలిపితే రెండు ఆఫీసులూ ఒకదాని మీద ఒకటి తోస్తాయి.

పేకాట సంగతి. రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది సికింద్రాబాదు క్లబ్బు కేసులోనే. 2017లో మన రాష్ట్రం 1974 గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా నిషేధించింది. ఇక్కడ లైసెన్సు గొడవే లేదు, కాని ఫోను జేబులోనే ఉంటుంది. జూదం వ్యసనం కూడా జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఉంది. తాగుడుకు చూపించేటప్పుడే ఇదీ చెప్పండి. జీతం కొన్నాళ్ళు మీ ఖాతాకు మళ్ళించమని ఆయన్నే అడగండి. ఎవరెవరికి ఎంత బాకీ ఉందో తిట్టకుండా రాయించండి. అప్పు దాచుకున్న మనిషి "నేను లేకపోతే మీరు హాయిగా ఉంటారు" వంటి మాట అంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: మా నాన్నగారు లైసెన్సు ఉన్న కల్లు దుకాణంలోనే తాగుతారు. ఒకరోజు మానితే నిద్ర పట్టదు, ఒళ్ళు వణుకుతుంది. లైసెన్సు ఉంది కనుక మంచి కల్లేనని ఆయన వాదన.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: హైదరాబాదులో కల్లు దుకాణాలు 2004లో మూసి 2014లో తిరిగి తెరిచారు. లైసెన్సు దుకాణానికి ఇచ్చేది, కుండలో ఉన్నదానికి కాదు. 2025 జూలైలో మీ కూకట్‌పల్లిలోనే కల్తీ కల్లు తాగి చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఆ కల్లులో ఆల్ప్రాజోలం అనే నిద్రమందు దొరికింది. అచ్చమైన కల్లు మానితే ఇంత వణుకు రావడం అరుదు. నాన్నగారిని ఒక్కసారిగా మాన్పించకండి, ఆ మందు ఒక్కసారి ఆగినా ఫిట్స్ వస్తాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు కల్లు తాగుతారని దాచకుండా చెప్పండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మూత్రం తగ్గినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. తాగగా మిగిలిన కల్లు ఉంటే సీసాతో సహా వెంట పట్టుకెళ్ళండి.