వెయ్యి రూపాయల పరీక్ష మెమోకెక్కాలి

బుధవారం రాత్రి పదకొండున్నర అవుతోంది. నల్గొండ పక్కనే ఉన్న పానగల్‌లో, ఉదయసముద్రం కట్టకు కాస్త ఇవతల ఒక ఇంట్లో, డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఫోన్ ముందేసుకుని కూర్చుందనుకుందాం. పది ప్రశ్నలున్నాయి. ఏడింటికి జవాబులు పెట్టింది. ఎనిమిదోది కొరుకుడు పడక పాఠం వీడియోను వెనక్కి జరిపి మళ్లీ వింటోంది. 11 గంటల 59 నిమిషాలకు గడువు ముగుస్తుంది. ఆన్‌లైన్‌లో నడిచే ఎన్‌పీటెల్ కోర్సుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు సాధారణంగా బుధవారం అర్ధరాత్రే ఆఖరు.

"ఏందమ్మా, గింత రాత్రిదాంక ఫోన్ల ఏం జూస్తున్నవ్?" అని తండ్రి మంచంలోంచే అడుగుతాడు.

"పరీక్ష నాయినా. మార్కులు పడ్తయ్" అంటుంది.

పాఠం చెబుతున్నది ఐఐటీ ప్రొఫెసర్. ఆ పాఠానికి ఆ ఇంట్లో ఎవరూ పైసా కట్టలేదు. చివర్లో పరీక్ష రాస్తేనే వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, దివ్యాంగులకు అందులో సగం. పాసైతే మూడు క్రెడిట్లు. మరి ఆ మూడు క్రెడిట్లు ఆమె మార్కుల మెమోలో పడతాయా? చిక్కంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది.

ఉచిత పాఠాలు నిన్న మొన్న పుట్టినవి కావు. ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. 2014 నుంచి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నాయి. 2017 జూలై 9న కేంద్ర ప్రభుత్వం 'స్వయం' వేదికను ప్రారంభించాక ఇంజినీరింగ్‌తో పాటు కామర్స్, చరిత్ర, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కూడా ఆ గొడుగు కిందికి వచ్చాయి. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద రోజంతా స్తంభం నీడ నిలిచే తీరు చూసి ఆశ్చర్యపోని వాళ్లుండరు. కందూరు చోడుల నాటి శిల్పులు వెలుగును ఎలా మళ్లించారో తెలుసుకోవాలంటే కాంతిశాస్త్రం చదవాలి. ఆ శాస్త్రం ఇప్పుడు ఆ గుడి మెట్ల మీద కూర్చుని కూడా వినొచ్చు.

లెక్క కూడా తేలికే. నాలుగు వారాల కోర్సుకు ఒక క్రెడిట్, ఎనిమిది వారాలకు రెండు, పన్నెండు వారాలకు మూడు. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 తెచ్చుకోవాలి. పన్నెండు వారాల కోర్సులో ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. నాట్లప్పుడో, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడో ఒకటి రెండు వారాలు తప్పిపోయినా చదువు ఆగదు. పల్లె పిల్లలకు ఇది ఎంత పెద్ద వెసులుబాటో పొలం పనుల మధ్య చదువుకున్న వాళ్లకు తెలుస్తుంది. అసైన్‌మెంట్ల జవాబులు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయన్న ఫిర్యాదు నిజమే. కానీ నూటికి 75 మార్కులు కేంద్రానికి వెళ్లి, నిఘాలో కూర్చుని రాసే పరీక్షవే. చూసి రాసినవాడు అక్కడ దొరికిపోతాడు.

ఇక నిబంధనల సంగతి. ఒక సెమిస్టర్‌లో నూటికి 20 వంతుల మేర స్వయం కోర్సులు తీసుకోవచ్చని 2016లో యూజీసీ చెప్పింది. 2021లో దాన్ని 40 వంతులకు పెంచింది. స్వయం ద్వారా తెచ్చుకున్న క్రెడిట్లను ఏ విశ్వవిద్యాలయమూ కాదనరాదని 2016 నిబంధనల్లోనే ఉంది. కోర్సుల జాబితా వచ్చిన నాలుగు వారాల్లో అకడమిక్ కౌన్సిల్ కూర్చుని వేటికి క్రెడిట్ ఇస్తారో తేల్చాలి. విద్యార్థికి దారి చూపడానికి ఒక అధ్యాపకుణ్ని నియమించాలి. కంప్యూటర్లు, ల్యాబ్, లైబ్రరీ ఉచితంగా వాడుకోనివ్వాలి. ఇవన్నీ రాతలో ఉన్నవే, కొత్తగా ఎవరూ కోరుతున్నవి కావు.

రాతలో ఉన్నది నోటీసు బోర్డుదాకా చాలాచోట్ల రావడం లేదు. ఏ కోర్సు ఏ సబ్జెక్టుకు సమానమో విద్యార్థికి ముందుగా తెలియదు. కోర్సు పూర్తి చేసి, సర్టిఫికెట్ ప్రింటు తీసుకుని వెళ్తే "మన సిలబస్‌కు కలవదు" అనే మాట వినాల్సి వస్తుంది. వెయ్యి రూపాయలు పోతే పోయాయి, పన్నెండు బుధవారాల నిద్ర ఎవరు తెచ్చిస్తారు? ఆ అమ్మాయి మళ్లీ ఇలాంటి కోర్సు జోలికి వెళ్లదు. చెల్లెల్ని కూడా వద్దంటుంది.

అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి, తరగతికి వెళ్లకుండానే కాలేజీ క్రెడిట్లు తెచ్చిపెట్టే క్లెప్ పరీక్షల గురించి తెలుసు. కాలేజ్ బోర్డు 1967 నుంచి నడుపుతున్న పరీక్షలివి. రుసుము సుమారు వంద డాలర్లు. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ ఉచితంగా పాఠాలు పెట్టి, పూర్తి చేసినవారికి ఆ రుసుమూ తానే భరిస్తుంది. అయితే అక్కడ పని జరిగేది డబ్బు ఒక్కదాని వల్లే కాదు. ఏ పరీక్షలో ఎంత స్కోరు వస్తే ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు ఇస్తాయో క్లెప్‌ను ఒప్పుకునే కాలేజీలు ముందే పట్టిక వేసి పెడతాయి. పిల్లవాడు ఆ పట్టిక చూసుకున్నాకే పరీక్షకు డబ్బు కడతాడు. మనకు మొదట కావలసింది అచ్చంగా ఆ కాగితమే.

చవకగా, బడి గడప తొక్కకుండా పరీక్ష రాసి డిగ్రీలోకి రావడం తెలుగువాళ్లు ఒకరి దగ్గర నేర్చుకోవలసిన విద్య కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగునేల మీదే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి. ఆ తర్వాత ఢిల్లీలో ఇగ్నోను నిలబెట్టిందీ ఆయనే. ఇంటర్ పాసు కాని వాళ్లకు అర్హత పరీక్ష పెట్టి, నెగ్గితే డిగ్రీలో చేర్చుకున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, బస్సు కండక్టర్లు, పెళ్లయి చదువాగిపోయిన వాళ్లు ఆదివారం తరగతులకు వెళ్లి పట్టా తెచ్చుకున్నారు. పుస్తకాలు తెలుగులో ఉన్నాయి, తరగతులు జరిగే కేంద్రం జిల్లాలోనే ఉంది, వచ్చిన పట్టా ప్రభుత్వ ఉద్యోగానికి చెల్లింది. ఈ మూడూ ఒకచోట కుదిరాయి కాబట్టే ఆ ప్రయత్నం నిలిచింది.

ఆ మూడింటినీ పక్కన పెట్టుకుని నేటి ఆన్‌లైన్ కోర్సును చూస్తే లోటు తెలిసిపోతుంది.

భాష సంగతే తీసుకోండి. ఎన్‌పీటెల్ పాఠాలు కొన్నింటిని తెలుగులోకి తెచ్చారు, మంచి పని. కానీ ప్రశ్నపత్రం చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగిపోయిన అమ్మాయికి రానిది సబ్జెక్టు కాకపోవచ్చు, ఆ వాక్యం కావచ్చు. మరోవైపు టీ-శాట్ విద్య, నిపుణ చానళ్లలో తెలుగు పాఠాలు ఏళ్ల తరబడి వస్తున్నాయి. వాటికి క్రెడిట్ లేదు. తెలుగులో పాఠం ఒకచోట, క్రెడిట్ ఇంకోచోట ఉంటే మధ్యలో నలిగేది విద్యార్థే.

పరీక్షలు ఎక్కువగా శని, ఆదివారాల్లో జరుగుతాయి. దగ్గరి పట్టణంలో కేంద్రం దక్కితే సరే, లేకుంటే హైదరాబాద్. నల్గొండ నుంచి వంద కిలోమీటర్లు. తొమ్మిదింటి పరీక్షకు తెల్లవారుజామునే బస్సెక్కాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పింది. తోడు వెళ్లే తండ్రికి మాత్రం టికెట్టూ కావాలి, ఒకరోజు కూలీ కూడా పోతుంది. వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్ మరొకటుంది. అక్కడి విద్యార్థికి ఇదే ప్రయాణం నూటయాభై కిలోమీటర్లు దాటుతుంది.

మరో చిక్కు పేరుతో వస్తుంది. క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను 2021 జూలైలో ప్రారంభించారు. అందులో జమైన క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుతాయి. ఖాతా డిజీలాకర్ ద్వారా తెరవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, లేదా ఒకదాంట్లో పొడి అక్షరం, మరోదాంట్లో పూర్తి పేరు. మన పేర్లకు ఇది మామూలే. ఖాతా దగ్గర అదే పెద్ద తగాదా అవుతుంది. మీసేవ చుట్టూ రెండుసార్లు తిరిగేసరికి దరఖాస్తు గడువు కాస్తా దాటిపోతుంది.

ప్రభుత్వాలు కోర్సుల సంఖ్యను ఘనంగా చెప్పుకుంటాయి. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికతో ఒప్పందం చేసుకున్నప్పుడు రెండు వేలకు పైగా కోర్సులని ప్రకటించారు. కోర్సులు ఎన్నున్నా, మెమోలో ఎన్ని క్రెడిట్లు ఎక్కాయన్నదే విద్యార్థికి లెక్క. ఏటా ప్రతి కాలేజీ చెప్పవలసిన అంకె అది.

అధ్యాపకుల భయం కూడా తీసిపారేయదగ్గది కాదు. పాఠం ఐఐటీ నుంచి వస్తే తమ పోస్టు ఉంటుందా అన్నది వాళ్ల దిగులు. గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకులకైతే అది మరీ ఎక్కువ. నిజానికి ఆన్‌లైన్ కోర్సు పెట్టుకున్న తరగతికే పక్కన మనిషి ఎక్కువ అవసరం. వారానికి రెండు గంటలు కూర్చోబెట్టి, ఆ వారం పాఠాన్ని తెలుగులో విప్పి చెప్పే అధ్యాపకుడుంటే పాసయ్యేవాళ్లు పెరుగుతారు. ఆ రెండు గంటలను పనిగంటల్లో కలిపి జీతం ఇవ్వాలి. అలా ఇవ్వకుండా కోర్సులు మాత్రం అప్పజెబితే అధ్యాపకులు వ్యతిరేకించడంలో తప్పు లేదు.

నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఈ రెండింటి కింద చదివే పిల్లల్లో చాలామంది ఇంటి నుంచి డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం. ఉన్నత విద్యామండలితో కలిసి ఈ రెండు విశ్వవిద్యాలయాలు మొదట ఒక పట్టిక వేయాలి. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టుకు బదులు ఏ స్వయం కోర్సు చెల్లుతుందో తెలుగులో రాసి, జనవరి, జూలై కోర్సులు మొదలవడానికి ముందే ప్రతి కాలేజీ గోడకు అంటించాలి. పాసైన వాళ్లకు పరీక్ష రుసుము తిరిగి ఇవ్వాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల పక్కన అది ఏ మూలకూ రాని మొత్తం. నల్గొండ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లో పరీక్షా కేంద్రాలు ఉండేలా తమ కంప్యూటర్ ల్యాబులు చూపించి అడగాలి.

ఆ పట్టిక కాలేజీ గోడ మీద ఉంటే, పానగల్ అమ్మాయి పేరు నమోదు చేసుకునే ముందే దాని ముందు నిలబడి, తన కోర్సు పేరు మీద వేలు పెట్టి, ఎదురుగా ఉన్న అంకె చదువుకుంటుంది. మూడు.