రొట్టెకు తోడు పప్పు

ఆదోని నుంచి ఒక సోదరి ఈ నెల మాకు ఉత్తరం రాశారు. వారి కోడలు ఎమ్మిగనూరు పిల్ల. ఆమెకు ఏడో నెల నిండింది. తగినంత బరువు పెరగలేదని, తిండిలో మాంసకృత్తులు చాలడం లేదని పరీక్ష చేసినవారు చెప్పారట. పొడి డబ్బా కొని పాలలో కలిపి ఇవ్వమని ఇరుగుపొరుగువారు సలహా ఇచ్చారట. ఆ సోదరి కుమారుడు నూనె మిల్లులో కూలి. "డబ్బా ఖరీదు మా అబ్బాయి నాలుగు రోజుల కూలి. మా ఇంట్లో మాంసం వండేది నెలకు రెండు మూడు సార్లే. జొన్న రొట్టె తినే మాకు మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? అప్పు చేసైనా డబ్బా కొనమంటారా?" అని వారి ప్రశ్న.

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. సమాధానాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. కాని కారణం తెలియని సలహా వంటింట్లో నాలుగు రోజులకు మించి నిలవదు. అందుచేత ఈసారి మాంసకృత్తుల సంగతి మొదటి నుంచి తెలుసుకుందాం.

పేరులోనే ఒక అపోహకు చోటుంది. మాంసకృత్తు అనగానే అది మాంసంలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మాటకు మాంసాన్ని నిర్మించేది అని అర్థం. 1838లో ముల్డర్ అనే డచ్చి రసాయన శాస్త్రవేత్త, స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ సూచన మేరకు, ఈ పదార్థాలకు ప్రోటీన్ అనే పేరును వాడుకలోకి తెచ్చారు. 'మొదటి స్థానంలో ఉన్నది' అనే భావం గల గ్రీకు మాట దానికి మూలం. మన కండలే కాదు, రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్, అన్నాన్ని అరిగించే ఎంజైములు, రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు, చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్, జుట్టు, గోళ్ళు అన్నీ మాంసకృత్తులే. గర్భంలో బిడ్డ పెరుగుతున్నప్పుడు ఇవన్నీ కొత్తగా తయారు కావాలి. వాటికి కావలసిన సరుకు తల్లి తిండి నుంచే రావాలి.

ఆ సరుకు పేరు అమైనో ఆమ్లాలు. ఇవి కర్బనం, ఉదజని, ప్రాణవాయువు, నత్రజనితో ఏర్పడిన చిన్న అణువులు. రెండింటిలో మాత్రం గంధకం కూడా ఉంటుంది. ప్రతి అమైనో ఆమ్లానికి ఒక వైపు అమైనో కొన, మరొక వైపు ఆమ్లపు కొన ఉంటాయి. ఒకదాని ఆమ్లపు కొన పక్కదాని అమైనో కొనతో కలిసినప్పుడు ఒక నీటి అణువు విడిపోయి గట్టి ముడి పడుతుంది. ఇలా పదులు, వందల సంఖ్యలో ముడిపడిన గొలుసే మాంసకృత్తు. ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటి వరుసను మొట్టమొదట తేల్చిన ఫ్రెడరిక్ సాంగర్‌కు 1958లో నోబెల్ బహుమతి లభించింది.

ఎమ్మిగనూరు వీధుల్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన ఆ కోడలికి ఈ విషయం బోధపడటం కష్టం కాదు. నేతగాని దగ్గర ఇరవై రంగుల నూలు ఉందనుకోండి. మన శరీరం వాడే అమైనో ఆమ్లాలు కూడా ఇరవై. ఏ రంగు తర్వాత ఏ రంగు రావాలో జకార్డు అట్టలు నిర్ణయించినట్లు, ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో మన జన్యువులు నిర్ణయిస్తాయి. ఆ వరుసలో తేడా రాకూడదు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఆరవ స్థానంలో గ్లూటమిక్ ఆమ్లానికి బదులు వాలిన్ పడితే చాలు, ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ వ్యాధికి అది మూలమవుతుంది. సృష్టికర్త ఏర్పాటులో ఒక్కొక్క పోగుకు ఉన్న విలువ అంతటిది.

గుడ్డు తింటే కోడి మాంసకృత్తు నేరుగా మన కండలో చేరదు. జీర్ణాశయంలోని ఆమ్లం, పెప్సిన్, ఆపైన చిన్న ప్రేగుల్లోని ఎంజైములు ఆ గొలుసుల ముడులను విప్పుతాయి. బట్టను విప్పి నూలుగా మార్చినట్లన్న మాట. ఆ నూలుతో మన శరీరం తన బట్టను తాను నేసుకుంటుంది. కాబట్టి నూలు గుడ్డు నుంచి వచ్చిందా, కంది నుంచి వచ్చిందా, ఖరీదైన డబ్బా నుంచి వచ్చిందా అన్న తేడా మగ్గానికి తెలియదు. కావలసిన రంగులన్నీ కావలసినంత అందాయా లేదా అన్నదే దానికి ముఖ్యం.

పచ్చి గుడ్డులో బలం ఎక్కువ, ఉడికిస్తే పోతుంది అనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. వేడి తగిలినప్పుడు ముడుచుకొని ఉన్న గొలుసులు విచ్చుకొని ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. తెల్లసొన గట్టిపడటానికి కారణం అదే. అమైనో ఆమ్లాలు ఎక్కడికీ పోవు. పైగా విచ్చుకున్న గొలుసును ఎంజైములు సులభంగా విప్పగలవు. ఉడికిన గుడ్డే మేలు, గర్భిణికి మరీ మేలు.

ఇరవై అమైనో ఆమ్లాలలో పదకొండింటిని శరీరం స్వయంగా తయారు చేసుకోగలదు. మిగిలిన తొమ్మిదింటిని తిండి నుంచే పొందాలి. హిస్టిడిన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, లైసిన్, మెథియోనిన్, ఫినైల్ అలనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్ ఆ తొమ్మిది. వీటిలో ఏ ఒక్కటి తక్కువైనా, ఆ ఒక్కటి అందినంత మేరకే నేత సాగుతుంది. మిగిలిన రంగుల నూలు మూటలకొద్దీ ఉన్నా అక్కరకు రాదు. శరీరం అమైనో ఆమ్లాలను దాచుకోలేదు కనుక, వాడుక లేనివాటిని ఇంధనంగా కాల్చి, వాటి నత్రజనిని యూరియాగా మూత్రంలో పంపివేస్తుంది.

ఇప్పుడు జొన్న రొట్టె దగ్గరకు వద్దాం. వంద గ్రాముల జొన్న పిండిలో ఇంచుమించు 10 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో ఉన్నదానికంటే అది ఎక్కువే. కాని జొన్నలో లైసిన్ బాగా తక్కువ. బియ్యం, గోధుమల కొరత కూడా లైసినే, అయితే బియ్యంలో అంత తీవ్రం కాదు. కంది, పెసర, శనగ వంటి పప్పుల్లో లైసిన్ దండిగా ఉండి మెథియోనిన్ తక్కువగా ఉంటుంది. ఆ మెథియోనిన్ ధాన్యాలలో దొరుకుతుంది. ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. రొట్టె, పప్పు విడివిడిగా అర్ధభాగ్యులు, కలిసినప్పుడు పూర్తి కుటుంబం.

మన పెద్దలకు లైసిన్ పేరు తెలియదు. అయినా పుంటికూర పప్పుతో రొట్టె తిన్నారు. ఆదోని హోటళ్ళలో పొద్దున్నే దొరికే ఉగ్గానిలో బొరుగుల మీద పప్పుల పొడి చల్లుతారు. అదీ ధాన్యానికి పప్పు తోడే. మన ఇళ్ళలో వండే ఖిచిడీ, దాల్చాతో తినే అన్నం, రంజాన్‌లో గోధుమ, పప్పులు, మాంసం కలిపి వండే హలీం, అన్నీ ఈ సూత్రం మీదే నిలిచాయి. రెండూ ఒకే ముద్దలో ఉండనక్కరలేదు, ఒకే రోజు తిండిలో ఉంటే చాలు.

తోడు తప్పినప్పుడు ఏమవుతుందో ఈ దక్కను నేల ఒకప్పుడు కళ్ళారా చూసింది. జొన్న తప్ప మరేమీ దొరకని పేద కూలీలలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చెదిరేది. నియాసిన్ అనే విటమిన్ లోపం దీనికి కారణం. ట్రిప్టోఫాన్ నుంచి మన శరీరం కొంత నియాసిన్‌ను తయారు చేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఉంటే ఒక మిల్లీగ్రాము నియాసిన్ వస్తుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ కనుక దాన్ని మాత్రమే తినేవారికి ఈ జబ్బు రావడం అర్థమవుతుంది. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదే, మరి దాన్ని తినేవారికి ఎందుకు వస్తోంది? హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకంఠియా ఈ చిక్కును పట్టుకున్నారు. జొన్నలో ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉండటమే కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత శాస్త్రవేత్తలలో వాదోపవాదాలు జరిగాయి. ఒక్క ధాన్యం మీదే బతికించే పేదరికం ప్రమాదకరం అన్న పాఠం మీద మాత్రం వివాదం లేదు. ఆ పరిశోధనశాలే 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది.

దోషం జొన్నది కాదు, దాన్ని ఒంటరిగా వదిలినవారిది. జొన్న మాని తెల్లన్నానికి మారినంత మాత్రాన సమస్య తీరదు. పక్కన పప్పు పలచని నీళ్ళ చారుగా మారితే అన్నమూ ఒంటరిదే.

ఆ సోదరి కుమారుడు పనిచేసే నూనె మిల్లులో కూడా ఒక పాఠం ఉంది. వేరుశనగ గింజల్లో నాలుగో వంతు మాంసకృత్తులే. గింజను ఆడించినప్పుడు నూనె డబ్బాల్లోకి పోతుంది. మాంసకృత్తులు చెక్కలో మిగిలి పశువుల దాణాగా పోతాయి. ఆవు, గేదెల పొట్టలోని సూక్ష్మజీవులు నాసిరకం మేతలోని నత్రజనితోనూ అన్ని అమైనో ఆమ్లాలనూ తయారు చేసిపెడతాయి. ఆ వసతి మనిషికి లేదు. వేరుశనగ పండే సీమలో ఉన్న మనం గింజను గింజగా తినడం మరచిపోకూడదు. అయితే దానిలోనూ లైసిన్ తక్కువే కనుక, అది పప్పుకు బదులు కాదు, పప్పుకు చేర్పు మాత్రమే. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదెక్కిన గింజలను తప్పక ఏరి పారేయాలి. వాటిలో కాలేయానికి హాని చేసే విషం ఉండవచ్చు.

ఇక లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గర్భిణికి చివరి మూడు నెలల్లో దానిపై మరో 22 గ్రాములు, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలల్లో సుమారు 17 గ్రాములు అదనంగా కావాలి. అంటే ఆ కోడలికి ఇప్పుడు రోజుకు 68 గ్రాములు అవసరం. పావు కిలో పిండితో చేసిన రొట్టెలలో 25, గట్టిగా వండిన 75 గ్రాముల కందిపప్పులో 16, గుప్పెడు వేయించిన వేరుశనగలో 7, రెండు గుడ్లలో 12, రోజు మొత్తంలో తీసుకునే మూడు వందల మిల్లీలీటర్ల పాలు, పెరుగులో 9, సాయంత్రం గుప్పెడు పుట్నాలలో 5 లేక 6. అన్నీ కలిపితే 74 గ్రాములు దాటుతాయి. మాంసం వండిన రోజు అది అదనం. అంగన్‌వాడీలో గర్భిణులకు ఇచ్చే గుడ్లు, పాలు ఈ లెక్కలో పెద్ద భాగాన్ని తీరుస్తాయి. వాటిని తెచ్చుకోవడం చిన్నతనం కాదు, అది ఆమె హక్కు.

మరి డబ్బా సంగతి? తిండిలో శక్తి చాలనప్పుడు శరీరం అమైనో ఆమ్లాలనే ఇంధనంగా కాల్చుతుంది. కడుపు నిండా తిండి లేకుండా పొడి మాత్రం తాగించడం నూలును తెచ్చి పొయ్యిలో పెట్టడమే. పోషకాహారం తక్కువగా ఉన్న ప్రాంతాల గర్భిణులకు కేవలం మాంసకృత్తులను ఎక్కువగా చేర్చిన పదార్థాలు ఇవ్వవద్దని, శక్తి, మాంసకృత్తులు సమతూకంలో ఉన్న ఆహారం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. మన పోషకాహార సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' అటువంటిదే. వేయించిన గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లం కలిపిన ఆ పొడిని ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. వైద్యులు ప్రత్యేకంగా మందు రాసి ఇస్తే, లేదా మూత్రపిండాల జబ్బు, చక్కెర జబ్బు వంటివి ఉంటే వారి మాటే పాటించాలి.

చివరిగా, లెక్కకు మించిన సంగతి ఒకటి ఉంది. మన ఇళ్ళలో మగవారు, పిల్లలు తిన్న తర్వాత ఇంటి ఆడవారు కూర్చుంటారు. అప్పటికి గిన్నెలో రొట్టె ఉంటుంది, పప్పు అడుగంటి ఉంటుంది. గుడ్డు పిల్లల పళ్ళెంలోకి పోయి ఉంటుంది. అంగన్‌వాడీ నుంచి వచ్చిన పాలు ఇంటిల్లిపాది టీలో కలిసిపోతాయి. మాంసకృత్తుల కొరత చాలా ఇళ్ళలో సంతలో కాదు, దస్తర్‌ఖాన్ దగ్గర మొదలవుతుంది. పాలిచ్చే తల్లి తిండి, బట్టల బాధ్యతను దివ్య ఖుర్‌ఆన్ బిడ్డ తండ్రి మీద ఉంచింది. ఆ బాధ్యత సరుకులు తెచ్చి పడేయడంతో తీరదు, అవి ఆమె పళ్ళెంలోకి చేరేదాకా ఉంటుంది.

కనుక ఆదోని సోదరికి మేము చెప్పేది ఇది. అప్పు చేయకండి. ఆ నాలుగు రోజుల కూలితో కందిపప్పు, వేరుశనగ, గుడ్లు, పాలు తెప్పించండి. పప్పు గట్టిగా వండండి. మీ అబ్బాయితో పాటే కోడలినీ కూర్చోబెట్టి, ఆమె వాటా ముందుగా వడ్డించండి. అత్తగారు స్వయంగా వడ్డిస్తే ఆ ఇంట్లో ఎవరూ కాదనలేరు. నెల తర్వాత బరువు ఎంత పెరిగిందో ఉత్తరం రాయండి. తల్లీబిడ్డలు క్షేమంగా ఉండాలని మేమందరం దుఆ చేస్తున్నాం.