బండి ఆగినా దుమ్ము ఆగట్లేదు.. కాలిఫోర్నియా ఇసుక దిబ్బల గొడవలో అసలు ప్రశ్న ఇదే!

శనివారం దిబ్బల మీద బండ్లు తిరుగుతాయి. మంగళవారం ఒక్క బండీ ఉండదు, కానీ గాలి వీస్తుంది. ఆ గాలికి లేచిన దుమ్ము, ఏనాడూ బండి ఎక్కని వాళ్ల ఇళ్లలోకి వస్తుంది. కాలిఫోర్నియాలోని ఓషియానో డ్యూన్స్ గొడవ మొత్తం ఈ రెండు రోజుల మధ్యే ఉంది.

బే ఏరియా నుంచి లాస్ ఏంజెలెస్‌కి 101 హైవే మీద వెళ్లే తెలుగువాళ్లకి పిస్మో బీచ్ దారిలోనే తగులుతుంది. దానికి కాస్త దక్షిణంగా ఉన్నదే ఓషియానో డ్యూన్స్. మొత్తం దాదాపు 3,600 ఎకరాలు. అందులో సుమారు 1,500 ఎకరాల్లో ఏటీవీలు, డర్ట్ బైకులు, బగ్గీలు నడపొచ్చు. కారుతో నేరుగా బీచ్ ఇసుక మీదకి వెళ్లనిచ్చే స్టేట్ పార్క్ ఆ రాష్ట్రంలో ఇదొక్కటే. అందుకే వీకెండ్ వస్తే చాలు, టెంట్లు, ట్రైలర్లతో జాతరలా ఉంటుంది.

మరి గొడవ ఏంటి?

బయటినుంచి చూస్తే ఇది పిట్టలకీ బైకులకీ మధ్య పోరులా కనిపిస్తుంది. అందులోనూ నిజం ఉంది. స్నోయీ ప్లోవర్ అనే చిన్న పక్షి ఇక్కడ ఇసుకలోనే చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, కళ్లకి ఆనవు. పిల్లలు టైర్ల గాడిలో దాక్కుంటాయి. తర్వాతి బండి కూడా అదే గాడిలో వస్తుంది! పసిఫిక్ తీరంలోని ఈ పక్షిని 1993లోనే ముప్పులో ఉన్న జాతిగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అందుకే మార్చి నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు 300 ఎకరాలకి కంచె వేస్తారు.

దుమ్ము సంగతి వేరు. దానికి కంచె వేయలేం.

దిబ్బల మీద పెరిగే మొక్కలు ఇసుకని పట్టి ఉంచుతాయి. టైర్ల కింద ఆ మొక్కలు పోతే ఇసుక వదులవుతుంది. వసంతకాలంలో సముద్రం వైపు నుంచి బలమైన గాలి వీచినప్పుడు ఇసుక రేణువులు ఎగిరిపడుతూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అప్పుడు సన్నటి దుమ్ము లేస్తుంది. పీఎం10 అంటే ఇదే.. 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు. ఇవి ముక్కు దాటి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి వాలున ఉన్నది నిపోమో మీసా అనే జనావాసం. 24 గంటల సగటు ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాములు దాటకూడదని కాలిఫోర్నియా ప్రమాణం. అక్కడ గాలి గట్టిగా వీచిన రోజుల్లో ఆ గీత దాటడం మామూలైపోయింది.

బైకర్ల వాదన కూడా వినాలి

ఈ తీరంలో కార్లు తిరగడం వందేళ్ల నాటి అలవాటు. తాతలతో వచ్చిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తెస్తున్నారు. పైగా ఇలాంటి పార్కులకి డబ్బు ఎక్కువగా వచ్చేది ఆఫ్‌రోడ్ బండ్ల రిజిస్ట్రేషన్లు, ఎంట్రీ ఫీజులు, ఇంధన పన్నులో వాటా నుంచే. 'మా డబ్బుతో నడిచే పార్క్ నుంచి మమ్మల్నే గెంటేస్తారా?' అన్నది వాళ్ల ప్రశ్న. చుట్టుపక్కల హోటళ్లు, బండ్లు అద్దెకిచ్చే షాపులు బతికేది కూడా వీళ్ల మీదే. దుమ్ము విషయంలోనూ వాళ్ల దగ్గర ఒక సమాధానం ఉంది. గాలిలోని రేణువులన్నీ దిబ్బల దుమ్ము కాదని, సముద్రపు ఉప్పు లాంటివీ ఉన్నాయని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెప్పారు. అసలు బండ్లు లేకపోయినా దిబ్బలున్న చోట దుమ్ము లేస్తుంది కదా అంటారు.

ఈ మాటలో కొంత నిజముంది. కానీ ప్రశ్న దుమ్ము లేస్తుందా లేదా అని కాదు, బండ్ల వల్ల ఎంత పెరుగుతోందనేది. 2018లో ఎయిర్ పొల్యూషన్ అధికారులతో కుదిరిన ఆర్డర్ ప్రకారం దుమ్ము తగ్గించే బాధ్యత స్టేట్ పార్క్స్ శాఖ మీదే పడింది. అప్పటినుంచి కొన్ని చోట్ల బండ్లు ఆపి, మొక్కలు నాటి, గాలికి అడ్డంగా కంచెలు పెడుతున్నారు.

'తాత్కాలికం' అన్నారు.. 40 ఏళ్లు దాటింది!

అసలు ముడి ఇక్కడ పడింది. ఈ పార్క్‌కి 1982లో కోస్టల్ కమిషన్ పర్మిట్ ఇచ్చింది. బీచ్‌లోకి వెళ్లే ఎంట్రీలు అప్పటికి తాత్కాలికమే, శాశ్వత దారి తర్వాత తేలుద్దామనుకున్నారు. అది ఇప్పటికీ తేల్లేదు. ఆ ఎంట్రీల్లో ఒకటి ఓషియానో ఊరి మధ్యనుంచే పోతుంది. అక్కడ ఉండేది ఎక్కువగా లాటినో కుటుంబాలు, కష్టం చేసుకుని బతికేవాళ్లు. బీచ్ వాళ్ల గుమ్మం ముందే ఉన్నా, బండ్ల మధ్య పిల్లల్ని ఆడించే పరిస్థితి లేదని వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు చాలాకాలంగా అంటున్నారు.

2020లో కొవిడ్ వల్ల నెలల తరబడి బండ్లు ఆగాయి. అప్పుడు ప్లోవర్లు మామూలుగా బండ్లు తిరిగే చోట గూళ్లు కట్టడానికి వచ్చాయి. ఆ మరుసటి ఏడాది, 2021 మార్చి 18న కోస్టల్ కమిషన్ సంచలన నిర్ణయం తీసుకుంది. మూడేళ్లలో ఆఫ్‌రోడ్ బండ్లు పూర్తిగా ఆపేయాలంది. బైకర్ల సంఘం కోర్టుకెళ్లింది. 2023లో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి, ఇలా ఒంటిచేత్తో నిషేధించే అధికారం కమిషన్‌కి లేదని తేల్చారు. దాంతో 2024 నుంచి రావాల్సిన నిషేధం ఆగిపోయింది.

ఒక్కటి గమనించండి. ఆ తీర్పు తేల్చింది అధికారం ఎవరిదనే. దుమ్ము మంచిదనీ చెప్పలేదు, పిట్టలు క్షేమమనీ చెప్పలేదు. పార్క్ నడిపేది ఒక శాఖ, తీరాన్ని చూసేది ఇంకోటి, గాలిని కొలిచేది మరొకటి. ముగ్గురి మధ్య ఫైలు తిరుగుతుంటే గాలి మాత్రం ఎవరి సంతకం కోసమూ ఆగదు.

మనకెందుకు ఇది?

మన బీచ్‌లలోనూ ఏటీవీ రైడ్‌లు కొత్త కాదు. 2019 సీఆర్‌జడ్ నోటిఫికేషన్ ఇసుక దిబ్బల్ని, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లని అత్యంత సున్నితమైన 1ఏ కేటగిరీలో పెట్టింది. విశాఖ-భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు జాతీయ స్థాయి భూవారసత్వ సంపద. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికే వస్తాయి. రూల్ కాగితం మీద ఉంది, సరే. కానీ ఏ బీచ్‌లో ఎన్ని బండ్లు, ఏ నెలల్లో ఆపాలి, ఎవరు ఆపాలి అన్నది ముందే రాసుకోవాలి.

ఎందుకంటే ఓషియానోలో తప్పు జరిగింది బండ్లు వచ్చిన రోజున కాదు. 'తర్వాత చూద్దాం' అనుకున్న రోజున. ఆలోపు అక్కడో వ్యాపారం, ఓ అలవాటు, మూడు తరాల జ్ఞాపకాలు పెరిగాయి. ఇప్పుడు ఎవర్ని ఆపినా ఎవరికో ఒకరికి అన్యాయం జరిగినట్టే ఉంటుంది. పబ్లిక్ బీచ్ అంటే అందరిదీ.. బండి నడిపేవాడిదీ, గాలి వాలున కిటికీ మూసుకుని కూర్చున్నవాడిదీ. లెక్క వేసేటప్పుడు ఆ రెండోవాడిని మర్చిపోవడమే అసలు సమస్య.